ముక్కాయన తలూపిన పెట్టెలు

పోయిన వారం మనం చురకను వంటింటి గడప దగ్గర, చేతిలో అగ్గిపుల్లతో నిలబెట్టి వచ్చాం. పుల్ల చివర నుంచి గోధుమరంగు జిగురు సన్నటి తీగలా సాగుతోంది. తెగితే ఎంత బాగుండు! చెయ్యి వెనక్కి జరిగేకొద్దీ తీగ కూడా వెంట వస్తోంది.

తేనెటీగలు పెంచేవాళ్ళకి ఆ తీగ సంగతి వేరే చెప్పక్కర్లేదు. తేనెపట్టు ఆరోగ్యంగా ఉంటే దాని గదుల్లో గుచ్చిన పుల్ల శుభ్రంగా బయటికొస్తుంది. తీగ సాగిందంటే లోపల పిల్లపురుగు కుళ్ళి జిగురైపోయిందన్నమాట. దానికి మందు లేదు. పెట్టెతో సహా గోతిలో వేసి కాల్చెయ్యడమే.

ఆ పుల్ల గుచ్చిన తేనెపట్టు చట్రాన్ని పాత దుప్పటిముక్కలో చుట్టి తెచ్చింది టైలరమ్మ. మొగుడు పోయాక కుట్టుమిషన్ అమ్మేసి ఈగల పెట్టెలు కొనుక్కున్న మనిషి. మిషన్ పోయినా పేరు మాత్రం మిగిలింది. పెట్టెలు అమ్మింది వ్యానులో ఊరూరా తిరిగే గళ్ళచొక్కా. కొనుక్కోమని తలూపింది చురక కన్నతండ్రి, ముక్కాయన.

ముక్కాయనంటే అల్లాటప్పా మనిషి కాదు. మూత ఓరగా ఎత్తి ఒక్కసారి గాలి పీలిస్తే చాలు, కంటికి ఆనని తెగులు కూడా ఆయనకు దొరికిపోతుంది. ఆ చుట్టుపక్కల ఎవరు అమ్మినా ఎవరు కొన్నా మధ్యలో ఆయన ముక్కు ఉండి తీరాలి. తల అడ్డంగా ఊపాడా, బేరం లేదు. నిలువుగా ఊపాడా, ఇక పుల్ల గుచ్చడాలూ చట్రాలు తిరగేయడాలూ ఉండవు. ఆయన తలూపాక మళ్ళీ మూత తియ్యడమంటే ఆయన మొహాన ఉమ్మినంత పని. "ముక్కుండగా పుల్లెందుకు?" అన్న మాట అక్కడ సామెతైపోయింది.

అలాంటి ముక్కాయన, ఆ చట్రానికి మూరెడు దూరంలో కుర్చీ వేసుక్కూర్చుని, "నాకేం వాసన రావట్లేదే" అన్నాడు.

అప్పటికి కథ అక్కడ ఆగింది.

*

టైలరమ్మ మొహం దీపం పెట్టినట్టు వెలిగింది.

"చూశావా చురకా! అన్నయ్యగారికే రావట్లేదంటే ఏమీ లేనట్టేగా? పుల్లదేముందే, తేనెలో ముంచినా సాగుతుంది. నేనే పిచ్చిదానిలా పరిగెత్తుకొచ్చాను."

చట్రం నుంచి కొడుతున్న కంపు చేపలబుట్టని ఎండలో మరిచిపోయినట్టుంది. చురకకు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, కంపుకే. నాన్న ఆవిడ మీద జాలితో దాస్తున్నాడు అనుకుంది. మెల్లగా చెబుదామని చూస్తున్నాడు కాబోలు.

"ఈగలు ఎలా ఉన్నాయత్తా?" అని అడిగింది.

"ఏం చెప్పమంటావు. రోజూ పెట్టె ముందు చీపురేసి ఊడుస్తున్నాను. అంతలా చచ్చి పడుతున్నాయి." టైలరమ్మ మొహంలో వెలుగు అప్పుడే తగ్గిపోయింది. తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది. సూది పోట్ల మచ్చలు ఇంకా ఉన్నాయి వేళ్ళ చివర. "అన్నయ్యగారూ, నిజం చెప్పండి. పెట్టెలో ఏ లోపమూ లేదంటే, లోపం నా చేతిలోనే ఉన్నట్టేగా? ఆయనా నిలవలేదు. ఇవీ నిలవట్లేదు. నేను ముట్టుకుంటే ఏదీ బతకదేమో."

ముక్కాయన కుర్చీలో కదిలాడు. "అలా అనకమ్మా," అన్నాడు. అంతే.

ఉన్నట్టుండి టైలరమ్మ ముక్కు చిట్లించింది. "ఏదో మాడుతోందే!"

పాలు. పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన పాలు పొంగి, మంట మీద పడి, గిన్నె అడుగంటి, వంటిల్లంతా పొగ కమ్మింది. ముక్కాయన కుర్చీ ఉన్నది సరిగ్గా వంటింటి గుమ్మంలో. ఆ పొగ ఆయన భుజాల మీదుగా హాల్లోకి వస్తోంది.

"ఏదీ?" అన్నాడాయన.

పొయ్యి కట్టెయ్యాలని కూడా తోచలేదు చురకకు. తండ్రి మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. టైలరమ్మే లోపలికి పరిగెత్తి, పొయ్యి ఆపి, గిన్నె దించి, "మసిగుడ్డెక్కడుందే తల్లీ, చెయ్యి కాలిపోయింది" అని మొత్తుకుంటూ బయటికొచ్చింది. ముక్కాయన అప్పుడు తల తిప్పి పొగను చూశాడు. కళ్ళతో చూశాడు. చూశాక గబగబా ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు, వాసన వచ్చినవాడిలా.

ఆ కండువా చూశాకే చురకకు అసలు సంగతి అర్థమైంది.

"నువ్వెళ్ళత్తా," అంది. "చట్రం ఇక్కడుంచు. నేను తర్వాత వస్తాను."

టైలరమ్మ గడప దిగుతూ ఆగింది. "ఇవాళ వ్యాను వస్తోందటగా? అన్నయ్యగారు నాకోసం ఒక మంచి పెట్టె ఏరి పెడితే చాలు. ఇదుగో, డబ్బుకి చెవుల కమ్మలు ఉన్నాయి ఇంకా." నవ్వబోయింది. "చెవులు కుట్టించుకున్నందుకు ఇన్నాళ్ళకి ఉపయోగం."



*

వీధి తలుపు దగ్గరికి వేసి చురక తండ్రి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఎప్పట్నించి నాన్నా?"

"ఏమిటి ఎప్పట్నించి?"

"నాన్నా."

చిన్నప్పుడు నోరు విప్పితే ఈగ కుట్టినట్టే ఉంటుందని ఆమెకు చురక అని పేరు పెట్టింది ఆయనే. ఇప్పుడా కూతురు ఇంత మెత్తగా పిలిచేసరికి ముసలాయన తట్టుకోలేకపోయాడు. కండువా మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు.

"ఆ మధ్య నాకొచ్చిన జ్వరంలో పోయిందే. జ్వరం తగ్గింది, ఇది రాలేదు. నాలుగు రోజులాగితే వస్తుందనుకున్నా. పెరట్లో మల్లెపువ్వు కోసి ముక్కుకి ఆనించుకున్నాను. తడి తెలిసింది. చల్లదనం తెలిసింది. పువ్వు తెలియలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? ముక్కాయనకి ముక్కు పోయిందనా?" ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూడలేక చురక తల దించుకుంది. "ఆ పేరులోంచి ముక్కు తీసేస్తే మిగిలేది ఉట్టి ఆయన. ఆ ఆయన్ని ఎవరు పిలుస్తారే? పొద్దున్నే వచ్చి ఎవరు తలుపు తడతారు?"

"తట్టకపోతే పోయేవాళ్ళు! ఇన్ని ఇళ్ళు ముంచడం కంటే..." చురక గొంతు లేచింది. తనే తగ్గించుకుంది. "పెట్టెలకి తలెందుకు ఊపావు? తెలియట్లేదు, ఇంకొకళ్ళతో పుల్ల గుచ్చి చూపించుకోండి అనొచ్చుగా?"

"అందామనే వెళ్ళాను మొదటిరోజు. మూత ఎత్తాడు గళ్ళచొక్కా. చుట్టూ జనం. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. అలవాటు చొప్పున పీల్చాను. అలవాటు చొప్పున తలూపాను." ఆయన ఆగాడు. "అది వాడు నన్ను పరీక్షించడానికి పెట్టిన పెట్టె. కావాలనే బాగా కుళ్ళినది పెట్టాడు. మూత వేస్తూ చెవిలో చెప్పాడు, బాబాయ్, మీ ముక్కు సంగతి నా దగ్గర భద్రంగా ఉంటుంది లెండి అని."

"అంటే తర్వాత అన్నీ తెలిసే ఊపావా?"



"తెలియదే. కొన్ని మంచివే అయ్యుండొచ్చు. నేను..." చూపు నేలకి దించాడు. "తెలుసుకోవాలనుకోలేదు."

చురక ఆ మాటను జీర్ణించుకోలేకపోయింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. పాలు తాగినా బాగుండును. ఈయన ఏమీ తాగలేదు. ఒక్క గుక్క కూడా. ఊరికే కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, పాలన్నీ గళ్ళచొక్కా తాగాడు.

"ఆవిడ తన చేతుల్ని తిట్టుకుంటూ వెళ్ళింది నాన్నా. విన్నావుగా. నువ్వు 'అలా అనకమ్మా' అన్నావు. అంతేనా నీ దగ్గరున్న మాట?"

ముక్కాయన కళ్ళలోంచి నీళ్ళు జారి మీసంలో ఇంకాయి. తుడుచుకోలేదు.

"ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టట్లేదే," అన్నాడు కాసేపటికి. "రెండేళ్ళ కిందట ఈ తెగులొచ్చినప్పుడు చిల్లు పెట్టి పంపేశాం కదా. మొదటి చిల్లు మన పెట్టెలకే పెట్టాను. అన్నీ కాలిపోయాయి. చుట్టుపక్కల ఎక్కడా లేకుండా పోయింది. మళ్ళీ ఎక్కణ్ణుంచి వచ్చింది ఇది?"

చిల్లు సంగతి మీకు చెప్పాలి. తెగులు తగిలిన పెట్టెను ముక్కాయన వదిలేవాడు కాదు. ఇనుప చువ్వను ఎర్రగా కాల్చి, పెట్టె అడుగున ఒక మూల చిల్లు పొడిచేవాడు. చిల్లు పడ్డ పెట్టె మళ్ళీ ఈగలకు ఇల్లు కాకూడదు. చెక్కలో ఇంకిన తెగులు ఏళ్ళ తరబడి చావదు మరి. ఆ ఏడు అలాంటి పెట్టెలన్నీ బండికెత్తి, పాత ఇటుకబట్టీ వెనక గోతిలో కాల్చడానికి తీసుకెళ్ళింది చురక మొగుడు. సాయంత్రం ఒళ్ళంతా మసితో తిరిగొచ్చాడు.

"ఆ సంగతి తర్వాత," అంది చురక లేస్తూ. "ఇవాళ వ్యాను దగ్గర అందరి ముందూ చెబుదువుగాని. ముక్కు పోయిందని, నువ్వు తలూపిన ప్రతి పెట్టె తీసి పుల్ల గుచ్చి చూసుకోమని. నేను పక్కనే ఉంటాను."

"నవ్వుతారే."

"నవ్వనీ. ఏడ్చేవాళ్ళ కంటే నవ్వేవాళ్ళు నయం."

"అది తొందరపాటు పని," అంది ఇంకో గొంతు.

పెరటి తలుపులో చురక మొగుడు నిలబడి ఉన్నాడు. వడ్రంగి. జుట్టు నిండా చెక్కపొట్టు, చేతిలో చెక్క నునుపు చేసే చిత్రిక. ఇల్లరికం వచ్చిన రోజు నుంచి అతనికి ఊళ్ళో వేరే పేరు లేదు, అల్లుడుగారే. కిళ్ళీకొట్టువాడు కూడా "అల్లుడుగారూ, చిల్లర లేదండీ" అనేవాడు.

"ఎప్పుడొచ్చారు?"

"ఇప్పుడే. మామయ్యగారి పరువు బజార్న పెట్టి ఏం సాధిస్తావు? ఆ గళ్ళచొక్కాని నెమ్మదిగా పక్కకి పిలిచి, ఇక ఇటు రావద్దని చెప్పి పంపిద్దాం. నేను మాట్లాడతాను."

"మీరా? మీరు ఎదుటివాడితో గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ చూళ్ళేదు. పెట్టెలు చేసుకోండి. మాటలు మాకొదిలెయ్యండి."

అతని మొహం ఒక్కక్షణం ఎర్రబడి, మళ్ళీ మామూలైంది. "అవునులే. మీ నాన్న ఇంట్లో తినేవాణ్ణి, నాకెందుకు," అన్నాడు. చిత్రిక కిందపెట్టి, చొక్కా దులుపుకుని, వాళ్ళ కంటే ముందే వీధిలోకి నడిచాడు.

నాన్న మీద ఈయనకి ఎంత గౌరవమో అనుకుంది చురక. ఊరికే నోరు పారేసుకున్నానని బాధపడింది కూడా.

*

వ్యాను పాత కాటా షెడ్డు ముందు ఆగి ఉంది. నీలంరంగు వేసిన పెట్టెలు కొత్త పెళ్ళికొడుకుల్లా వరసగా కూర్చున్నాయి. గళ్ళచొక్కా ఈగలకు పట్టే పొగడబ్బాలో ఎండిన నారింజ తొక్కలు కుక్కుతున్నాడు. ఈగలు మెత్తబడతాయని చెప్పేవాడు. చుట్టూ నారింజ వాసన గుప్పుమంటుంటే ఇంకే వాసనా ఎవరికీ అందదని చురకకు ఇవాళే అర్థమైంది.

"ముక్కాయన వస్తున్నాడు, దారివ్వండి దారివ్వండి!"

"స్నానం చేశావా లేదా, ముందు నువ్వు పక్కకి తప్పుకో! నీ వాసనకి ఆయన బేరం చెడగొడతాడు."

నవ్వులు. ఎవరో కుర్చీ తెచ్చారు. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. టైలరమ్మ అందరికంటే ముందు నిలబడి ఉంది. ఆమె చెవులు బోసిగా ఉన్నాయి. పిడికిలి మూసి ఉంది.

"బాబాయ్ రాకుండా మూత తీస్తానా, మా అమ్మ తోడు!" అన్నాడు గళ్ళచొక్కా జనానికి వినపడేలా. తర్వాత వంగి, పెదవులు కదలకుండా అన్నాడు, "మొహం అలా ఉందేంటి బాబాయ్? ఒక్కసారి వంగి లేవండి. అలవాటైన పనేగా."

ముక్కాయన కూతురి వైపు చూశాడు. చురక కళ్ళతోనే ధైర్యం చెప్పింది. ఆయన కుర్చీలోంచి లేచాడు. కండువా తీసి కుర్చీ మీద పెట్టాడు. అది చూసి జనం మాటలు ఆపేశారు. ముక్కాయన కండువా తీస్తే ఏదో చెబుతాడని వాళ్ళకు తెలుసు.

"ఆ మొదటి పెట్టె ఇలా బల్ల మీద పెట్టమ్మా," అన్నాడు ఆయన. "అందరికీ కనిపించాలి."

చురక వంగి పెట్టెను రెండు చేతులా ఎత్తింది. లోపల ఈగల రొద ఆమె అరచేతుల్లోకి పాకింది. వేళ్ళు అడుగుచెక్క కిందికి, మూలకు జారాయి. చిన్నప్పుడు నాన్న నేర్పిన అలవాటు, పెట్టె ఎత్తితే ముందు మూల తడమాలి.

వేలి కింద గుండ్రంగా ఏదో తగిలింది.

చిల్లు కాదు. చిల్లు ఉండాల్సిన చోట ఒక బిరడా. చెక్కతో చేసి, కొట్టి, చిత్రిక పట్టి, నున్నగా చదును చేసి, పైన రంగు వేసిన బిరడా. కంటికి కనిపించదు. వేలికి కూడా, తెలిసిన వేలికే తెలుస్తుంది.

ఆమె పెట్టెను బల్ల మీద పెట్టింది. పక్క పెట్టె మూల తడిమింది. ఉంది. ఆ పక్కది. ఉంది.

రెండేళ్ళ కిందట కాలిపోయాయనుకున్న పెట్టెలు!

బిరడా ఇంత నున్నగా దిగ్గొట్టే చెయ్యి చుట్టుపక్కల ఒక్కటే ఉంది. ఆ చెయ్యి పట్టుకునే ఆమె ఇన్నేళ్ళూ సంసారం చేసింది.

తల ఎత్తింది. అతను వ్యాను వెనక, గళ్ళచొక్కాకు బారెడు దూరంలో నిలబడి ఉన్నాడు. ఆమె వేళ్ళనే చూస్తున్నాడు. ఆమె చూపు తగలగానే మొహం తిప్పుకున్నాడు.

రెండేళ్ళ కిందట, అతను గోతి దగ్గర్నుంచి మసితో తిరిగొచ్చిన సాయంత్రపు చొక్కా గుర్తొచ్చింది. ఉతికింది తనే. మసి ఉంది, సబ్బు అరగదీస్తే గానీ వదల్లేదు. మైనమూ చెక్కా కాలిన గోతి దగ్గర రోజంతా నిలబడ్డవాడి చొక్కా అది. పొగ కంపు బావి గట్టు దాకా కొట్టాలి. కానీ ఆ చొక్కాకు చెమట వాసన తప్ప ఇంకేమీ లేదు. పాత ఇటుకబట్టీ గోడకు వీపు రాసుకున్నా అంటుతుంది మసి. అంటనిది పొగే.

ఆ రోజు ఆమె ముక్కు బాగానే ఉంది. ముక్కాయన కూతురి ముక్కు. ఆ రోజే తెలియాల్సింది. తెలుసుకోవాలనుకోలేదు.

"మీ అందరికీ నేనొక మాట చెప్పాలి," అన్నాడు ముక్కాయన. "ఇన్నాళ్ళూ నా మాట మీద మీరు కొన్న పెట్టెలు..."

ఆయన చెబితే ఇప్పుడే ప్రతి మూతా లేస్తుంది. ప్రతి పెట్టె తిరగబడుతుంది. ఎవరో ఒకరి వేలు ఆ మూలకు వెళ్తుంది. పొద్దుటి నుంచి నిజం చెప్పు, నిజం చెప్పు అని తండ్రిని తరిమి తరిమి తెచ్చింది తనే. ఆ నిజం గళ్ళచొక్కా దగ్గర ఆగదు. అది తన ఇంటికే నడిచొస్తుంది.

"ఆగు నాన్నా!"

ఎవరి గొంతా అని జనం అటూ ఇటూ చూశారు. చురకకు కూడా ఒక్కక్షణం తన గొంతేనని తెలియలేదు.

ముక్కాయన నోరు తెరిచి ఉన్నది ఉన్నట్టే ఆగిపోయాడు. గళ్ళచొక్కా పెదవుల మీద చిన్న నవ్వు మొలిచింది. పొగడబ్బా మెల్లగా నొక్కాడు. నారింజ వాసన అందరి మీదికీ వచ్చింది.

జనంలోంచి టైలరమ్మ ఒకడుగు ముందుకు వేసింది. మూసిన పిడికిలి గుండెకు ఆనించుకుని, చురక కళ్ళలోకి చూసింది.

"ఎందుకే తల్లీ ఆగడం?" అంది.